చేబదులు ఐసు

వల్పరాయిసోలో మా కొండకి నూట అరవై రెండు మెట్లు.
నూట పదో మెట్టు దగ్గర అందరికీ ఊపిరి అందదు.
ఇసౌరా బార్ అక్కడే పెట్టింది.
తెలిసే పెట్టింది.

బోర్డు మీద రెండు అక్షరాలు ఉప్పుగాలి తినేసింది,
మిగిలినవాటికి ఏ భాషలోనూ అర్థం లేదు.
భూమి అప్పుడప్పుడూ ఒళ్లు విరుచుకునే ఊరు కనక
సీసాల ముందు అడ్డంగా చేపల వల తాడు.
స్టూళ్లు పదకొండు, ఒకటి కుంటిది.
కొత్తగా వచ్చినవాళ్లు దాని మీదే కూర్చుంటారు.
రెండోసారి వస్తే
ఎవరో ఒకరు జరిగి మంచిది ఇస్తారు.

పగలంతా మందులు అమ్మి, రాత్రి మందుకి వస్తాను నేను.
డాక్టర్ల కోడిరాతలు చదివీ చదివీ
చుక్కలు లెక్కపెట్టీ పెట్టీ వచ్చినవాణ్ణి;
ఇంకొకరు నా కోసం చుక్కలు లెక్కపెడుతుంటే
చూస్తూ కూర్చోవడం ఎంత హాయో!
పిస్కో, నిమ్మరసం, పాకం, గుడ్డులో తెల్లసొన.
ఇసౌరా షేకర్‌ని చెవి పక్కకి తెచ్చి గిలక్కొడుతుంది,
లోపలి గలగల
గరగర అయ్యేదాకా.
నురగ మీద మూడే మూడు చేదు చుక్కలు.
"నాలుగోది కూడా వెయ్యవే" అంటే
"అది నీ మొహంలో ఉందిగా" అంటుంది.

ఇంట్లో పిస్కో లేక కాదు.
ఒక్కణ్ణే వంటింట్లో నిలబడి గుడ్డు పగలగొడితే
ఆమ్లెట్ వేసుకుని పడుకుందామనిపిస్తుంది.

దోన్ ఎలెవుతేరియో రేవులో క్రేన్ నడిపినవాడు.
ఇప్పటికీ గ్లాసుని కంటెయినర్‌లా దించుతాడు,
గురిచూసి, చప్పుడు కాకుండా.
హైతీ నుంచి వచ్చిన యొలెట్ మందు ముట్టదు.
ఆమెకీ అదే గ్లాసు, అదే నురగ,
చుక్కల బదులు చిటికెడు దాల్చినచెక్క పొడి.
ఏం తాగుతున్నావని ఆరేళ్లలో ఒక్కరూ అడగలేదు.

మాకు ఫిబ్రవరి అంటే నడివేసవి.
శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి
ఐసు మిషను ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంది.
ఇసౌరా తన్నింది. బతిమాలింది. మళ్లీ తన్నింది.
"ఇవాళ్టికి ఇంతే, ఇళ్లకి పొండి" అంది.
ఎవరూ లేవలేదు.
తర్వాత అందరం ఒక్కసారే లేచాం.

కాసేపటికి మెట్ల మీద గిన్నెల మోత.
యొలెట్ రెండు ట్రేలు, పైన తడిగుడ్డ కప్పి.
కింది ఇంటి కవలలు పంపిన ఐసులో
ముక్కకొక బొత్తాం,
వాళ్లమ్మ నెల నుంచి వెతుకుతున్నవి.
దోన్ గారి ఐసు చేపల కంపు;
"ఇది నీకే" అని ఆయన గ్లాసులోనే పడేసింది.
నేను షాపులో ఇన్సులిన్‌తో వచ్చిన చల్లటి ప్యాకులు తెచ్చాను,
తాగడానికి కాదు, సీసాలకి చుట్టడానికి.

పదిన్నరకి గుమ్మంలో పైవాటా బుస్తోస్.
మా గోల మీద మున్సిపాలిటీకి
మూడు అర్జీలు పెట్టిన పెద్దమనిషి.
పైజమా, రబ్బరు చెప్పులు, చేతిలో నిండు బకెట్టు.
మెట్ల పొడుగునా కారిన చారికలు.
"గిలక్కొట్టడం వినపడ్డం లేదు" అన్నాడు.
"నిద్ర పట్టట్లేదు."

నవ్వాలని ఉన్నా ఎవరం నవ్వలేదు.
దోన్ జరిగాడు. మంచి స్టూలే ఇచ్చాడు,
మొదటిసారి వచ్చినా.
ఆ రాత్రి ఎవరింటి చల్లదనం
ఎవరి గొంతులో దిగిందో నాకు తెలీదు.
నా గ్లాసు అడుగున మాత్రం నీలం బొత్తాం దొరికింది.

సోమవారం మిషను బాగుపడింది.
బాకీల పలక మీద ఇసౌరా సుద్దతో రాసింది:
యొలెట్, రెండు ట్రేలు. కవలలు, పద్నాలుగు ముక్కలు.
బుస్తోస్, ఒక బకెట్టు.
ఎవరూ అడగలేదు, ఆమె చెరపలేదు.

మార్చిలో బుస్తోస్ నాలుగో అర్జీ రాశాడు,
ఈసారి ఇసౌరాకే:
కుంటి స్టూలు వెంటనే మరమ్మతు చేయించవలెను.
ఆమె రెండుసార్లు చదివి, మడిచి,
ఆ కాగితం స్టూలు కాలికింద పెట్టి చూసి,
మళ్లీ తీసేసింది.
"మరి కొత్తవాళ్లు ఎక్కడ కూర్చుంటారయ్యా?"